గోల్ఫ్‌లో నైకీ దారా, అడిడాస్ దారా: ఏది మేలు?
బూట్లు, బట్టలు అమ్ముకునే రెండు పెద్ద కంపెనీలు గోల్ఫ్ క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) వ్యాపారంలోకి దిగి, రెండూ 2016లోనే చేతులెత్తేశాయి. అయితే నైకీ సున్నా నుంచి సొంత పేరుతో మొదలుపెట్టింది, అడిడాస్ ఉన్నదాన్ని కొనుక్కుంది.

నైకీ ధైర్యమంతా గోల్ఫ్ చాంపియన్ టైగర్ వుడ్స్. 2000లో అతను నైకీ బంతికి మారి, ఆ జూన్‌లోనే పెబుల్ బీచ్‌లో యూఎస్ ఓపెన్‌ని 15 స్ట్రోకుల (దెబ్బల) తేడాతో గెలిచాడు (ఆ బంతి చేసిపెట్టింది బ్రిడ్జ్‌స్టోన్, అది వేరే సంగతి). 2002లో క్లబ్బులూ వచ్చాయి. కానీ పట్టర్ (బంతిని గుంతలోకి మెల్లగా తోసే క్లబ్బు) దగ్గరికొచ్చేసరికి టైగర్ 2010 దాకా వేరే బ్రాండ్ స్కాటీ కామెరన్‌ని వదల్లేదు. సొంత హీరోనే పక్క కొట్టు సరుకు వాడుతుంటే కొనేవాడికి నమ్మకం ఎలా కుదురుతుంది? 2007లో సుమో స్క్వేర్డ్ అని ఒక డ్రైవర్ (బంతిని దూరం కొట్టే పెద్ద క్లబ్బు) తెచ్చారు, తల నలుచదరంగా ఉంటుంది, కొడితే రేకు డబ్బాని కర్రతో బాదినట్టు మోత. బంతి తిన్నగా పోయేది నిజమే, పక్కవాళ్లందరూ తిరిగి చూసేదీ నిజమే. పైగా వాటిలో కొన్ని నిబంధన దాటి బంతిని స్ప్రింగులా విసురుతున్నాయని తేలి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2016 మేతో ముగిసిన ఏడాదిలో బట్టలు, బూట్లతో కలిపి కూడా నైకీ గోల్ఫ్ అమ్మకాలు 8 శాతం పడి 70.6 కోట్ల డాలర్లకు దిగాయి. ఆగస్టులో క్లబ్బులు, బంతులు, బ్యాగులు బంద్.

అడిడాస్ 1997లో సాలమన్ అనే ఫ్రెంచ్ స్కీ సామాన్ల కంపెనీని కొంటే దాంతోపాటు గోల్ఫ్ క్లబ్బుల కంపెనీ టేలర్‌మేడ్ వచ్చింది. 1979 నుంచి లోహపు డ్రైవర్లతో పేరు తెచ్చుకున్న కంపెనీ, ఆ పేరు మార్చకుండా ఉంచడమే తెలివైన పని. తర్వాత కొత్త మోడళ్లు మరీ వెంటవెంటనే దింపి చేతులు కాల్చుకున్నారు, 2016లో అమ్మకానికి పెట్టి, 2017లో 42.5 కోట్ల డాలర్లకు కేపీఎస్ అనే పెట్టుబడి సంస్థకి అమ్మేశారు. అదే కంపెనీ 2021లో సుమారు 170 కోట్ల డాలర్లకు కొరియా వాళ్ల చేతికి వెళ్లింది! అడిడాస్ తొందరపడిందనే అంటాను.

అయినా నా ఓటు అడిడాస్ దారికే. అమ్ముకోవడానికి ఒక దుకాణమైనా మిగిలింది, నైకీకి మిగిలింది మూత. కొన్నవాడి వైపు నుంచి చూసినా అంతే, టేలర్‌మేడ్ సెట్‌లో ఒకటి విరిగితే షాపుకెళ్లి అడగొచ్చు, నైకీ ఐరన్ (పల్చటి లోహపు తల క్లబ్బు) విరిగితే సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవడమే. టైగర్ కూడా 2017 జనవరిలో టేలర్‌మేడ్‌తోనే ఒప్పందం చేసుకున్నాడు. 2019 మాస్టర్స్ టోర్నీ గెలిచిన రోజు అతని ఒంటి మీద ఎర్ర చొక్కా నైకీది, చేతిలో ఐరన్లు టేలర్‌మేడ్‌వి.