గద్వాల, అలంపూర్, సోమశిల: ఇంటర్ చదివే కొడుకుతో

పదిహేడేళ్ళ పిల్లాడితో టూర్ అంటే ఊళ్ళను ఎంచుకునే లెక్కే మారిపోతుంది. చిన్నప్పుడైతే ఊయలలున్నాయా, బాత్రూం శుభ్రంగా ఉందా అని చూసేదాన్ని. ఇప్పుడు చూసేవి రెండే. నన్ను ఒకచోట కూర్చోబెట్టి వాడొక్కడే గంటసేపు తిరిగి రావడానికి చోటుందా? అంతసేపు నేను కూర్చోవడానికి నీడుందా? ఈ లెక్కన మా పాలమూరు చుట్టుపక్కల ఊళ్ళకు నేను వేసే మార్కులు టూరిజం పోస్టర్లకు సరిపోవు.

మావాడిది హైదరాబాద్‌లో హాస్టల్ చదువు. ఫోన్ చేస్తే "ఆ", "సరే", "తిన్నా" తప్ప నాలుగో మాట రాదు. సంక్రాంతి సెలవులకొచ్చినప్పుడు ఎటైనా పోదామంటే, కారొద్దు, బస్సుల్లో పోదాం, దారంతా నేనే చూస్తానన్నాడు. వాళ్ళ నాన్నకు ఎలాగూ డ్యూటీ. సరేనన్నాను.

పిల్లలమర్రి గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మహబూబ్‌నగర్ నుంచి ఆటోలో పోయి రావచ్చు. సుమారు 700 ఏళ్ళ మర్రి అంటారు. 2017లో చెదలు పట్టి కొమ్మ విరిగితే మూసేశారు, మనిషికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలతో మందు ఎక్కించి బతికించారు. ఊడలు పట్టుకుని ఊగే రోజులు పోయాయి. అరగంట చాలు. మావాడు పది నిమిషాల్లోనే ఫోన్ తీశాడు.

ఇక బస్సు. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే కండక్టర్ నాకు జీరో టికెట్ కొట్టిచ్చాడు. వాడికి మాత్రం పూర్తి టికెట్. "ఖర్చంతా నా మీదేనా మమ్మీ" అని వాడు అంటే వెనక సీట్లో పెద్దమ్మ పడీపడీ నవ్వింది. పండగ రద్దీలో కర్నూలు వైపు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సీటు మీద ఆశ పెట్టుకోవద్దు. పొద్దున్నే బయల్దేరితే నయం.

గద్వాలలో బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. వేడినీళ్ళు ఇరవై నాలుగ్గంటలూ వస్తాయన్నారు, గీజర్ స్విచ్చి వేస్తే లైటు కూడా వెలగలేదు. నేను చెప్పులేసుకునేలోపే వాడు కిందికి పోయి కౌంటర్లో మాట్లాడి పై అంతస్తులో వేరే గది తాళం తెచ్చాడు. గట్టిగా అరిచిన చప్పుడు కూడా వినబడలేదు. ఏం చెప్పావురా అంటే, "ఏం లేదు, ముందు గీజర్ చూపించి అప్పుడు తాళం ఇవ్వమన్నా" అన్నాడు. మీరూ అలాగే అడగండి, పనిచేస్తుంది.

గద్వాల కోట మట్టికోట. లోపల చెన్నకేశవస్వామి గుడి, పక్కనే డిగ్రీ కాలేజీ. చూడ్డానికి ఏముందని చాలామంది పెదవి విరుస్తారు, నా లెక్కలో మాత్రం దీనికి మంచి మార్కులే. ఊరి పిల్లలు క్రికెట్ ఆడుతుంటే మావాడు కాసేపు గట్టున నిలబడి, తర్వాత ఫీల్డింగ్‌కి దిగిపోయాడు. నేను గుడి అరుగు మీద హాయిగా కూర్చున్నాను.

చీరల కోసమని మగ్గం దగ్గరికి నేను లాక్కెళ్ళాను. గుంట మగ్గం మీద నేసే ఆయన్ని వాడు అడిగిన ప్రశ్నలు విని నాకే ఆశ్చర్యం. చీర ఒళ్ళంతా నూలు, అంచు పట్టు, మరి రెండూ ఎట్లా అతుక్కుంటాయని అడిగాడు. ఆయన వాడి వేలు పట్టుకుని నూలు పోగు, పట్టు పోగు మెలేసుకునే గీత మీద నడిపించాడు. ఎక్కడా ముడి లేదు. గద్వాల చీరలో కుట్టు అంటే ఆ మెలికే. షాపులో కొనే ముందు చీర తిరగేసి ఆ గీత చూడండి. చీర రేటు ఎందుకంత ఉందో మగ్గం చూశాక వాడే నాకు వివరించాడు, నేను బేరం ఆడకుండా.

జూరాల డ్యామ్ దగ్గర వేయించిన చేపలు తప్పకుండా తినాలి. అప్పటికప్పుడు కోసి, కారం పట్టించి నూనెలో వేస్తారు. కూర్చునే చోటు ఏమంత శుభ్రంగా ఉండదు, రేటు ముందే అడగాలి.

ఈ మొత్తంలో నేను మళ్ళీ పోయేది అలంపూర్. హైవే మీద చౌరస్తాలో దిగితే ఊళ్ళోకి షేర్ ఆటోలుంటాయి. అష్టాదశ శక్తిపీఠాల్లో అయిదోది జోగులాంబ. నేను దర్శనం లైన్లో నిలబడితే వాడు నవబ్రహ్మ ఆలయాల వైపు పోయాడు. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన గుళ్ళు. అర్చన బాగా జరిగేది బాలబ్రహ్మేశ్వరుడికే కాబట్టి మిగతా వాటి దగ్గర జనం పలచన. నేను బయటికొచ్చేసరికి ఎదురొచ్చి, "తొమ్మిదింట్లో ఒక్కదాని శిఖరం వేరేగా ఉంది, ఏదో చెప్పు చూద్దాం" అన్నాడు. మూడు తప్పులు చెప్పాక తారకబ్రహ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. మిగతావన్నీ ఉత్తరాది పద్ధతి శిఖరాలు, ఇది ద్రావిడం. స్వర్గబ్రహ్మ గోడల మీద శిల్పాలు కూడా వాడే చూపించాడు. గైడ్ కావాలా అని ఒకాయన అడిగితే, ఉన్నాడండీ అన్నాను.

గుళ్ళ నుంచి తుంగభద్ర కనబడదు, వరద రాకుండా గోడ కట్టారు. గోడ మీదికి ఎక్కితే నది. అక్కడ గాలికి కూర్చున్నాం.

"ఇంటర్ అయినంక హాస్టల్లో ఉండ మమ్మీ. ఫ్రెండ్స్‌తో రూమ్ తీసుకుంటా."

"వంటెవరు చేస్తరు?"

"నేనే. గుడ్డు కూర వస్తది, పప్పు వస్తది."

ఎప్పుడు నేర్చుకున్నావంటే, ఆదివారాలు ఫ్రెండ్ రూమ్‌లో అన్నాడు. పప్పులో చింతపండు ఎప్పుడు వెయ్యాలన్న దాని మీద మా వాదన సంగమేశ్వరాలయం దాకా సాగింది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోకుండా కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టిన గుడి అది. తీరిగ్గా చూడండి.

సోమశిల వాడి ఎంపిక. కొల్లాపూర్ దాకా బస్సులు మారి, అక్కణ్ణుంచి ఆటో. కృష్ణ ఒడ్డున గుట్ట మీద టూరిజం కాటేజీలున్నాయి, శని, ఆదివారాలకైతే ముందే బుక్ చేసుకోవాలి. అందం సంగతి సరే, సౌకర్యాలు తక్కువ. భోజనం ముందే చెప్పి పెట్టుకోకపోతే బిస్కెట్లే గతి. నాకు కాళ్ళు లాగేశాయి, గది గడప దాటలేదు. వాడొక్కడే రేవుకు దిగి పడవ బేరం కుదిర్చి వచ్చాడు. లైఫ్ జాకెట్లు ఇచ్చాకే ఎక్కుతామని కూడా చెప్పాడట. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి ఉంది (అలంపూర్‌లో చూసింది వేరు), ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళలోనే ఉంటుంది. సంక్రాంతికి అది కనబడుతుందని ఎవరైనా అంటే నమ్మి పడవ మాట్లాడకండి, ఎండాకాలానికి పెట్టుకోండి.

తర్వాత అమ్రాబాద్ అడవికి పోదామంటున్నాడు. మన్ననూర్‌లో అటవీశాఖ వాళ్ళ కాటేజీలు, సఫారీ ఉన్నాయి. వానాకాలంలో సఫారీ ఉండదు, రాత్రి తొమ్మిది తర్వాత అడవిదారి గేటు వేస్తారని అన్నీ వాడే కనుక్కున్నాడు. నాకొకటి, వాడికొకటి, రెండు కాటేజీలు తీసుకుందామంటున్నాడు. రేటు చూసి చెప్తానన్నాను.