మిస్టర్ బర్న్స్ నాటకం పుస్తకం: హుద్‌హుద్ రోజులు చూసిన వైజాగోళ్లు తప్పక చదవండి

ఆన్ వాష్‌బర్న్ రాసిన ‘మిస్టర్ బర్న్స్’ అనే ఇంగ్లిష్ నాటకం పుస్తకం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, రెండు రాత్రుల్లో చదివేశా, ఆగలేక ముగ్గురు ఫ్రెండ్స్‌ని పిలిచి ఎంవీపీ కాలనీలో మా డాబా మీద పాత్రలు పంచుకుని పైకి కూడా చదివాం. 2012లో వాషింగ్టన్‌లో మొదటిసారి ఆడిన నాటకం ఇది. కథేంటంటే కరెంట్ మొత్తానికి పోతుంది, అణు విద్యుత్ ప్లాంట్లు దెబ్బతింటాయి, మిగిలిన కొద్దిమంది మంట చుట్టూ కూర్చుని ‘ద సింప్సన్స్’ కార్టూన్‌లో 1993లో వచ్చిన ‘కేప్ ఫియర్’ అనే ఎపిసోడ్‌ని గుర్తు తెచ్చుకుంటుంటారు. ఒకరు డైలాగ్ సగం చెప్తే ఇంకొకరు కాదు కాదు అలా కాదు అంటారు, మొదటి అంకం చాలా వరకు ఇదే, అయినా ఎక్కడా బోర్ కొట్టదు. ఎందుకంటే 2008లో నిజంగానే నటుల్ని కూర్చోబెట్టి ఆ ఎపిసోడ్ గుర్తు చేసుకోమని చెప్పి, వాళ్లు మాట్లాడుకున్న మాటల్లోంచే ఈ అంకం తయారు చేశారు. మధ్యలో ఒక కొత్త మనిషి వస్తాడు, అందరూ నోట్‌బుక్కులు తీసి తమ వాళ్ల పేర్లు చదివి ఎక్కడైనా చూశావా అని అడుగుతారు. అక్కడ మా ఫ్రెండ్ గొంతు ఆగిపోయింది, కాసేపు ఎవరం మాట్లాడలేదు.

నాకైతే 2014 అక్టోబర్ 12 కళ్ల ముందుకొచ్చేసింది. హుద్‌హుద్ తుపాను తర్వాత మా అపార్ట్‌మెంట్‌కి చాలా రోజులు కరెంట్ లేదు, ఫోన్లు లేవు, పాలకి లైను, నీళ్లకి లైను, రాత్రయితే పిల్లలందరూ మెట్ల మీద కింద ఫ్లోర్ మామ్మగారి చుట్టూ చేరేవాళ్లు. ఆవిడ మాయాబజార్ కథ చెప్పేవారు. ప్రియదర్శిని పెట్టె దగ్గరికి రాగానే ఒక పిల్లాడు “మామ్మా దానికి ఛార్జింగ్ ఎక్కడ పెట్టేవాళ్లు” అని అడిగాడు, అడగడా మరి, ఇంట్లో ఫోన్లన్నీ చచ్చిపోయి ఉంటే. అసలు విషయం ఏంటంటే రాత్రి రాత్రికీ ఘటోత్కచుడి భోజనం పెరుగుతూ పోయింది, పెళ్లి తగ్గిపోయింది. బిస్కెట్లు, అటుకులు తిని కూర్చున్న పిల్లలు కదా, వాడు ఇంకేం తిన్నాడు ఇంకేం తిన్నాడు అంటే ఆవిడ కలుపుతూ పోయారు, మా వీధిలో చేపలే దొరకని ఆ వారంలో ద్వారకలో పెళ్లివారింటికి వంజరం వేపుడు కూడా వచ్చేసింది.

రెండో అంకం సరిగ్గా ఇదే, అందుకే నాకు అన్నిటికంటే ఇది నచ్చింది. ఏడేళ్లు గడిచాక వాళ్లు ఒక నాటక సమాజం అయిపోతారు, ఊళ్లు తిరిగి ఆ ఎపిసోడ్లు ఆడి బతుకుతుంటారు, ఎవరికైనా ఒక డైలాగ్ గుర్తుంటే దాన్ని కొనుక్కుంటారు! మధ్యలో పాత టీవీ యాడ్స్ కూడా ఆడతారు, వేడి నీళ్ల స్నానం, చల్లటి కూల్‌డ్రింక్, ఇలాంటివి, జనం అవి చూడ్డానికే వస్తారు కాబట్టి. పోయిన సుఖాలన్నీ కథలోకి దూరిపోతాయి.

మూడో అంకం ఇంకో 75 ఏళ్ల తర్వాత. అంతా పాటే, పద్యనాటకంలా. ఇక్కడ విలన్ మారిపోతాడు. అసలు ఎపిసోడ్‌లో పిల్లాణ్ణి వెంటాడేది సైడ్‌షో బాబ్ అనేవాడు, ఇక్కడికొచ్చేసరికి ఆ చోటు మిస్టర్ బర్న్స్‌ది, అంటే కార్టూన్‌లో అణు ప్లాంట్ ఓనర్. ఎవరూ కావాలని మార్చలేదు, ప్లాంట్ల వల్ల చచ్చినవాళ్ల మనవలకి భయం అంటే ఆ మొహమే. ఇది అర్థమైనప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. చివర్లో స్టేజ్ మీద కరెంట్ ఎలా వస్తుందో మాత్రం నేను చెప్పను, చదువుకోండి.

అసలు కథ పాడైపోయింది కదా అంటాడు మా ఫ్రెండ్, నేను ఒప్పుకోను. ఆ ఎపిసోడే ఒక సినిమాకి పేరడీ, ఆ సినిమా 1962 నాటి సినిమాకి రీమేక్, దానికీ వెనక ఒక నవల ఉంది. మన శశిరేఖా పరిణయం మాత్రం వ్యాసభారతంలో ఎక్కడుంది? జనం చెప్పుకున్నారు, సురభి నాటక సమాజం వాళ్లు తరాలుగా స్టేజ్ మీద ఆడారు, 1957లో సినిమా అయింది, మనకి అదే అసలు కథ.

పుస్తకం సంగతి: పార్సిల్‌లో అట్ట మూల నలిగి వచ్చింది, అక్షరాలు చిన్నవి. మూడో అంకం పాటలకి ట్యూన్ తెలీక చదవడం కష్టం, మేం మాకు తోచిన వరసల్లో పాడుకున్నాం. సింప్సన్స్ చూడనివాళ్లు ముందు ఆ ఒక్క ఎపిసోడ్ కథ తెలుసుకుని మొదలుపెట్టండి, లేకపోతే మొదటి పది పేజీలు తికమకే. 5కి 4 ఇస్తున్నా. వైజాగ్‌లో ఎవరైనా దీన్ని తెలుగులో వేస్తే కళాభారతి ఆడిటోరియంలో మొదటి వరసలో నేనుంటా.

మామ్మగారు ఇప్పుడు లేరు. అప్పుడు ఆరేళ్లున్న మా పక్కింటి పాప మొన్న సంక్రాంతికి టీవీలో మాయాబజార్ మొదటిసారి మొత్తం చూసి, భోజనం పాట అయిపోగానే నా వైపు తిరిగి “అంకుల్, వంజరం వేపుడు ఎందుకు తీసేశారు?” అంది.