పీఎస్4 కోసం ఎస్పీ రోడ్డులో కొన్న 22 మీటర్ల కేబుల్

మా తమ్ముడు మదనపల్లెలో ఉంటాడు, నేను బెంగళూరు రామమూర్తి నగర్‌లో. రాత్రి తొమ్మిదిన్నరకు వాడు షాపు కట్టేసి ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. నేను పాపను పడుకోబెట్టి హాల్లో టీవీకి పెట్టిన పీఎస్4 గేమ్ కన్సోల్ ఆన్ చేస్తాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టుకొని ఇద్దరం ఒక జట్టుగా రాకెట్ లీగ్ ఆడతాం. కార్లతో ఫుట్‌బాల్ ఆడే ఆట అది, ఒక్కో మ్యాచ్ ఐదు నిమిషాలు. నాన్న పోయాక మా ఇద్దరికీ రోజూ తీరిగ్గా మాట్లాడుకోను కుదిరిన వేళ అదొక్కటే. అమ్మ మోకాళ్ల నొప్పులు, షాపు అద్దె, మా ఆయన నైట్ షిఫ్టులు, అన్నీ ఆ మ్యాచ్‌ల మధ్యనే మాట్లాడుకుంటాం. అందుకే నెట్ స్లో అవడం నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

ఈ సంవత్సరం మొదట్నుంచీ ఆట సరిగా సాగడం లేదు. "అక్కా, నీ కారు గోడకు తగులుకొని అట్లే నిలబడిపోయింది చూడు" అనేవాడు తమ్ముడు. నా టీవీలో చూస్తే నేను బంతి వెనకాలే పోతూ ఉండేదాన్ని. రెండు సెకన్ల తర్వాత నా కారు ఎగిరి ఎక్కడో పడేది, బంతి అప్పటికే మా గోల్‌లో ఉండేది. పది మ్యాచ్‌లలో నాలుగు ఇలాగే పోయేవి. ఒక్కోరోజు వాడు "రేపు ఆడదాంలే అక్కా" అని ఫోన్ పెట్టేసేవాడు. ఆ మాట వింటే చాలా బాధేసేది.

మాది 100 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. పీఎస్4లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, టెస్ట్ ఇంటర్నెట్ కనెక్షన్ అని వెళ్లి చూస్తే డౌన్‌లోడ్ 11 చూపించింది. రూటర్ పక్కన నిలబడి ఫోన్‌లో చూస్తే 94. కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేస్తే, గేమింగ్‌కు 100 సరిపోదు, 300 ప్లాన్‌కు మారండి అన్నారు. నెలకు ఇంకో నాలుగు వందల చిల్లర. నేను సరే అనబోయి ఆగాను. ఇంట్లోకి 94 వస్తున్నప్పుడు హాలుకు 11 మాత్రమే చేరుతోందంటే లోపం బయట లేదు, ఇంట్లోనే ఉంది కదా. 300 తీసుకున్నా ఆ హాలుకు వచ్చేది మళ్లీ 11 దగ్గరే.

దీని వెనక కారణం తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. మాది పాత పీఎస్4, మా ఆయన పెళ్లికి ముందు కొన్నది. వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ సీయూహెచ్-1తో మొదలవుతుంది. ఆ మోడళ్లకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే ఉంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై తర్వాత 2016లో వచ్చిన స్లిమ్, ప్రో మోడళ్లలో పెట్టారు, వాటి నంబర్లు సీయూహెచ్-2, సీయూహెచ్-7తో మొదలవుతాయి. మా రూటర్ 2.4కు ఒకటి, 5కు ఒకటి, రెండు పేర్లతో వైఫై ఇస్తుంటే పీఎస్4కు ఒక పేరే ఎందుకు కనబడేదో అప్పుడు అర్థమైంది. మీ దగ్గరున్నది పాత పీఎస్4 అయితే ముందు ఆ స్టిక్కర్ చూసుకోండి.

పైగా మాది అపార్ట్‌మెంట్. ఫోన్‌లో వైఫై లిస్టు తెరిస్తే 19 పేర్లు కనబడ్డాయి. 2.4లో ఒకదానికొకటి అడ్డం రాని చానెళ్లు 1, 6, 11 మూడే. అంటే చుట్టుపక్కల ఇళ్ల 2.4 వైఫై అంతా ఆ మూడు దారుల్లోనే నడవాలి. సాయంత్రం ఏడు దాటితే అందరూ ఇళ్లకు చేరతారు, నేను ఆడేదీ ఆ వేళలోనే. దానికి తోడు మా రూటర్ ముందు బెడ్రూంలో ఉంటే టీవీ హాలు చివర ఉంది. మధ్యలో వంటింటి గోడ, ఫ్రిజ్, ఇనుప బీరువా.

రూటర్‌లో చానెల్ 11 నుంచి 1కి మార్చాను. పగలు స్పీడు 24 దాకా వచ్చింది, రాత్రికి మళ్లీ 13. చాలామంది చెప్పే డీఎన్ఎస్ మార్పు కూడా చేశాను, 1.1.1.1 పెట్టాను. డౌన్‌లోడ్‌లో ఏ తేడా రాలేదు. డీఎన్ఎస్ చేసేది సర్వర్ పేరుకు అడ్రస్ వెతికిపెట్టడం, ఇరుకు దారిని వెడల్పు చేయడం దాని పని కాదు. దాని కోసం ఒక ఆదివారం మధ్యాహ్నం పోయింది.

తర్వాత వైఫై వదిలేసి, రూటర్ నుంచి పీఎస్4కు నేరుగా వేయడానికి ఆన్‌లైన్‌లో ఒక ఫ్లాట్ లాన్ కేబుల్ తెప్పించాను. 20 మీటర్లు, 399 రూపాయలు, పెట్టె మీద క్యాట్ 7 అని పెద్ద అక్షరాలు. క్యాట్ అంటే కేటగిరీ, కేబుల్ తరగతి. రిబ్బన్‌లా సన్నగా ఉండి తలుపు కిందనుంచి దూరిపోయింది. పది రోజులు బ్రహ్మాండంగా నడిచింది. పదకొండో రోజు నుంచి తలుపు వేసినప్పుడల్లా కనెక్షన్ పోయేది. కొనల్లో ఒకదానికి క్లిప్పు విరిగింది. తర్వాత తెలిసింది, అసలు క్యాట్ 7 అంటే లోపలి ప్రతి తీగల జతకూ షీల్డు, అంటే లోహపు రేకు తొడుగు, ఉండాలి, దానికి నిర్ణయించిన కనెక్టర్ కూడా మనం వాడే ఆర్‌జే45 కాదు. నేను కొన్నదాంట్లో షీల్డు అనే మాటే లేదు, లోపల వైర్లు వెంట్రుకల్లా ఉన్నాయి. పెట్టె మీద అంకె పెద్దదైతే కేబుల్ మంచిదని నేను నమ్మాను. మీరు ఆ పొరపాటు చేయకండి.

ఇక ఒక శనివారం బెంగళూరులో కంప్యూటర్, ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకు వెళ్లాను. కేఆర్ పురం నుంచి పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్, అక్కడ గ్రీన్ లైన్ మారి చిక్కపేట. దిగి నడిస్తే చాలు. ఆదివారం చాలా షాపులు మూసేసి ఉంటాయి కాబట్టి శనివారం పొద్దున్నే వెళ్లడం మంచిది. ఇరుకు దారి, ఆటోలు, తలల మీద అట్టపెట్టెలు, ప్రతి షాపు ముందూ కేబుల్ చుట్టలు. నేను నిలబడిన షాపు ఒక మెట్ల కింద ఉన్న చిన్న గది. నేను ఫోన్‌లో తమ్ముడితో మాట్లాడటం విని కౌంటర్‌లోని అబ్బాయి "మీది ఏ ఊరక్కా? మాది హిందూపురం" అన్నాడు. అంతవరకూ వచ్చీరాని కన్నడంలో తంటాలు పడుతున్న నాకు ఆ మాటతో పెద్ద టెన్షన్ తగ్గింది.

నేను వెళ్లింది క్యాట్ 8 కోసం. ఆ అబ్బాయి "మీ రూటర్ ఫోటో ఉందా అక్కా" అని అడిగాడు. చూసి, "దీని పోర్టులు వంద వరకే. క్యాట్ 8 వేసినా అంతే వస్తుంది, డబ్బులు దండగ. క్యాట్ 6 చాలు, రేపు రూటర్ మార్చినా పనికొస్తుంది" అన్నాడు. వాడు చెప్పింది నిజం. క్యాట్ 6 వంద మీటర్ల వరకు ఒక గిగాబిట్ మోస్తుంది, మా ఇంటికి కావలసింది 22 మీటర్లు. పాత క్యాట్ 5ఈ అయినా ఆ పని చేస్తుంది. రెండింతలు ఖరీదైన వస్తువు అడిగి వచ్చిన మనిషికి అవసరమైనదే అమ్మిన షాపు అది. ఆ ఒక్కదానికే నేను మళ్లీ అక్కడికి వెళ్తాను.

కేబుల్ కోసి, లోపలి తీగను బ్లేడుతో గీకి చూపించాడు. లోపలిదాకా ఎర్రగా ఉంటే రాగి. పైన రాగి పూత ఉండి లోపల తెల్లగా కనబడితే అది అల్యూమినియం, చవగ్గా దొరుకుతుంది, వంచితే తొందరగా విరుగుతుంది. పక్కనే ఉన్న ఇంకో చుట్ట నుంచి ముక్క తీసి ఆ తెల్లదనం కూడా చూపించాడు. మీరు ఎక్కడ కొన్నా ఇలా గీకి చూపించమని అడగండి, మొహమాటపడొద్దు.

తర్వాత క్రింపింగ్, అంటే కేబుల్ కొనకు కనెక్టర్ బిగించడం. ఎనిమిది తీగలు, నాలుగు జతలు. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. వేళ్లతో వరసగా పేర్చి, సమంగా కత్తిరించి, కనెక్టర్‌లో తోసి ఒక్క నొక్కు నొక్కాడు. రెండు కొనలూ టెస్టర్‌కు పెడితే 1 నుంచి 8 వరకు లైట్లు వరసగా వెలిగాయి. మొదటిసారి 7 వెలగలేదు. నేను గమనించేలోపే ఆ కొన కత్తిరించి పడేసి మళ్లీ చేశాడు. 100 స్పీడుకు రెండు జతలే చాలు కాబట్టి ఆ 7 లేకపోయినా మా ఇంట్లో పనిచేసేది, నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ఆ అబ్బాయి రేపటి సంగతి కూడా చూసి చేశాడు. మీటరు 32 చొప్పున 704, కనెక్టర్లు, రబ్బరు తొడుగులు కలిపి 750 రూపాయలు.

లాగడం మాత్రం కష్టమే. గుండ్రటి క్యాట్ 6 గట్టిగా ఉంటుంది, మూలల దగ్గర చెప్పినట్టు వినదు. మరీ మడిచి వంచితే లోపల జతల మెలి చెడుతుంది కాబట్టి ప్రతి మూలలో కాస్త గుండ్రంగా తిప్పాలి. కరెంటు వైర్లకు దూరంగా, గోడ అడుగున, తలుపు చట్రం చుట్టూ తీసుకెళ్లాం. గోడకు మేకులు కొట్టాలంటే ఓనర్ ఆంటీని అడగాలి. ఆవిడ పైకొచ్చి చూసి "చిన్న క్లిప్పులే కదమ్మా, పోయేటప్పుడు సున్నం పూయించి పోండి" అన్నారు. మా ఆయన స్టూల్ ఎక్కి, నేను కింద పట్టుకొని, నాలుగు గంటలు. మీగడ రంగు గోడ మీద బూడిద రంగు కేబుల్ అందంగా లేదు. తెల్ల రంగు దొరికితే అదే తీసుకోండి, లేదా పైన పీవీసీ పట్టీ వేయించుకోండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. కేబుల్ గుచ్చగానే పీఎస్4 దానంతటది మారదు. సెట్ అప్ ఇంటర్నెట్ కనెక్షన్‌లోకి వెళ్లి యూజ్ ఎ లాన్ కేబుల్ ఎంచుకొని, ఈజీ అని నొక్కాలి. నేను మొదట అది చేయలేదు, మళ్లీ 12 చూసేసరికి గుండె జారిపోయింది.

మార్చాక 91 వచ్చింది. 100 పోర్టు నుంచి మనకు అందేది 94 దగ్గరే ఆగుతుంది కాబట్టి ఇది పూర్తి స్పీడు కిందే లెక్క. 50 జీబీ గేమ్ దించుకోవాలంటే 11 దగ్గర పది గంటలు, 91 దగ్గర గంటా పావు. ఇక్కడ లెక్క కూడా చెప్తాను: ఎంబీపీఎస్ అంటే బిట్లు, జీబీ అంటే బైట్లు, ఒక బైటుకు ఎనిమిది బిట్లు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు పన్నెండున్నర ఎంబీ. గేమ్ ఆడుతూ వెనకాల డౌన్‌లోడ్ పెడితే పీఎస్4 దాన్ని బాగా నెమ్మది చేస్తుంది, గేమ్ పూర్తిగా మూసేసి పెట్టండి.

నాకు స్పీడు కంటే విలువైనది వేరే ఉంది. పింగ్ అంటే మన సందేశం గేమ్ సర్వర్‌కు పోయి తిరిగి రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో. వైఫై మీద అది ఒక క్షణం 40, ఇంకో క్షణం 300. కేబుల్ మీద 38, 39, 38. ఆటకు కావలసింది ఈ నిలకడే, ఆడేటప్పుడు పోయే వచ్చే డేటా చాలా కొంచెం. మొదటి రాత్రి పదకొండు మ్యాచ్‌లు ఆడాం. నా కారు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆరో మ్యాచ్‌లో తమ్ముడు ఇచ్చిన బంతిని గాల్లోనే గోల్ కొట్టాను, వాడు అరిచిన అరుపుకు అమ్మ లేచి వచ్చి ఫోన్‌లో "ఏమైందే" అని అడిగింది.

కేబుల్ అన్నీ సరిచేయదు. సర్వర్ దూరంలో ఉంటే పింగ్ ఎక్కువే ఉంటుంది. కొత్త అప్‌డేట్ వచ్చిన సాయంత్రాలు డౌన్‌లోడ్ ఇప్పటికీ 40కి పడిపోతుంది, అది గేమ్ సర్వర్ల వైపు రద్దీ. కరెంటు పోతే రూటర్ పోతుంది, దానికి చిన్న యూపీఎస్ కొనాలి. అలాగే మాకు మొన్న ఒక రాత్రి మళ్లీ ఆట తెగింది, చూస్తే ఈసారి ఆగింది తమ్ముడి కారు. వాడి కంప్యూటర్ ఇంకా వైఫై మీదే ఉంది.

నిన్న మళ్లీ ఎస్పీ రోడ్డుకు వెళ్లొచ్చాను. అదే అబ్బాయి, 14 మీటర్లు, తెల్ల రంగు, రెండు కొనలూ క్రింప్ చేసి టెస్టర్ మీద ఎనిమిది లైట్లూ చూపించి ఇచ్చాడు. చుట్ట చుట్టి బట్టల సంచిలో పెట్టాను. వచ్చే శుక్రవారం రాత్రి బస్సుకు మదనపల్లె వెళ్తున్నాను.