కోన్‌స్టాంజ్‌లో ఏ దేశం సిగ్నల్ పట్టుకోవాలి?

జర్మనీ దక్షిణపు అంచున సరస్సు ఒడ్డునున్న ఊరు కోన్‌స్టాంజ్. దానికి ఆనుకునే స్విట్జర్లాండ్ ఊరు క్రోయిట్స్‌లింగెన్. ఒకప్పుడు కంచె ఉన్న ఒడ్డున ఇప్పుడు 22 శిల్పాలు వరుసగా నిలబడి ఉన్నాయి. సరిహద్దుల్లో పాస్‌పోర్టు తనిఖీలు లేని దేశాల కూటమి షెంగెన్‌లో స్విట్జర్లాండ్ 2008లో చేరింది కాబట్టి వాటి మధ్య నుంచి అటూ ఇటూ హాయిగా నడవొచ్చు.

ఫోన్‌కి మాత్రం ఆ వెసులుబాటు లేదు. యూరోపియన్ యూనియన్‌లో అదనపు రోమింగ్ ఛార్జీలు 2017 జూన్ 15న ఎత్తేశారు. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు, అందుకే ఆ నిబంధన అక్కడ వర్తించదు. కొన్ని ప్యాకుల్లో స్విట్జర్లాండ్ కలిసే ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకే దింపుకునే సిమ్) మీద 'యూరప్' అని ఉంటే సరిపోదు, దేశాల జాబితా తెరిచి ఆ పేరు ఉందో లేదో చూసుకునే కొనాలి. నేను రెండు దేశాలూ ఉన్నది తీసుకున్నాను. ఈ ప్రయాణంలో పెట్టిన ఖర్చుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

వదినగారిది జర్మనీకి మాత్రమే పనిచేసే సిమ్. పాత బస్తీలో మేం దిగిన గది అందంగా ఉంది, సరస్సు రెండడుగుల్లో ఉంది. కానీ కిటికీ దగ్గర కూర్చుంటే చాలు, ఆవిడ ఫోన్ స్విస్ టవర్‌ని పట్టేసుకునేది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపిక 'ఆటోమేటిక్' తీసేసి, కాసేపు వెతకనిచ్చి, వచ్చిన జాబితాలోంచి జర్మన్ కంపెనీని చేత్తో ఎంచాం. ఆ తర్వాత ఇబ్బంది లేదు. తర్వాత రైన్ నది వంతెన దాటి పీటర్స్‌హౌజెన్ వైపు గెస్ట్‌హౌస్‌కి మారితే అక్కడ జర్మన్ సిగ్నల్ నిలకడగా ఉంది. జర్మన్ సిమ్ ఉన్నవాళ్లకి నేను ఆ వైపే చెబుతాను, అందం కాస్త తక్కువైనా సరే.

మన సిమ్‌ని బ్యాంకు ఓటీపీల కోసం ఫోన్‌లోనే ఉంచి, దానికి డేటా రోమింగ్ ఆపేయడం మంచిది. ఇంటికి వాట్సాప్ కాల్స్ చాలు. డేటా మాత్రమే ఇచ్చే ఈసిమ్‌కి నంబరు ఉండదు, కాబట్టి బస వాళ్లకి ల్యాండ్‌లైన్ తప్ప వేరే దారి లేకపోతే వదినగారి ఫోనే దిక్కయింది. నంబర్లన్నీ ప్లస్ గుర్తుతో, దేశం కోడ్‌తో సేవ్ చేసుకోండి. అత్యవసరానికి 112 రెండు దేశాల్లోనూ పనిచేస్తుంది.

దారి చూపే విషయంలో గూగుల్ మ్యాప్స్ నెట్ ఉన్నంతసేపు బాగుంటుంది. ముందే డౌన్‌లోడ్ చేసుకున్నా నెట్ లేనప్పుడు కారు దారే చూపిస్తుంది, నడక దారి చూపించదు. నడిచేవాళ్లకి ఆర్గానిక్ మ్యాప్స్ మేలు, ఇది నెట్ లేకుండానే కాలిబాటలు కూడా చూపిస్తుంది. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, ఆకాశం కనిపిస్తే చాలు. రైళ్లకి స్విస్ రైల్వే వాళ్ల ఎస్‌బీబీ యాప్ నాకు అన్నింటికన్నా నచ్చింది. ఏ ప్లాట్‌ఫారమ్, ఎక్కడ మారాలి అన్నది వెతుక్కునే పని ఉండదు.

స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌజెన్ వెళ్లి, దగ్గర్లోనే ఉన్న రైన్ జలపాతం చూశాక, నది వెంట బ్యూసింగెన్‌కి నడిచాం. బ్యూసింగెన్ జర్మనీ ఊరే, కానీ చుట్టూ నాలుగు వైపులా స్విట్జర్లాండే. పిన్‌కోడ్‌లు రెండు, ఫోన్ కోడ్‌లు రెండు: జర్మనీది +49 7734, స్విస్‌ది +41 52. జర్మనీకే పరిమితమైన సిమ్ ఉన్నవాళ్లు ఈ నడకకి ఏరోప్లేన్ మోడ్ పెట్టి, మ్యాప్ ముందే దింపుకుని వెళ్లండి. వదినగారు అలాగే చేశారు, నీలం చుక్క దారంతా మాతోనే కదిలింది.