పాత 4:3 సినిమాలను ఏఐతో 16:9కి వెడల్పు చేయడం: చాలాకాలం వాడాక

4:3 ఆకారపు 1440×1080 బొమ్మ 16:9 ఆకారపు 1920×1080 కావాలంటే అటు 240, ఇటు 240 పిక్సెళ్లు కొత్తగా పుట్టించాలి. తెర మీద నాలుగో వంతు కెమెరా ఎన్నడూ చూడనిదే అవుతుంది. సినిమా మొత్తాన్ని ఒకే గాటన కట్టి మోడల్‌కి ఇస్తే పాడవుతుంది. షాటు షాటుకీ పద్ధతి మార్చాలి.

ముందు ఇంటర్‌లేసింగ్ (ఫ్రేమును సరి, బేసి గీతలుగా విడగొట్టే పాత వీడియో పద్ధతి) తీసేసి, అంచుల్లోని నల్లచారను, మసకను కత్తిరించాలి. సాధారణంగా పక్కకు 8 నుంచి 16 పిక్సెళ్లు పోతాయి. ఆ చార మిగిలితే మోడల్ దాన్ని స్తంభమో, తలుపు చట్రమో అనుకుని కట్టేస్తుంది. తర్వాత పైసీన్‌డిటెక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో షాట్లు విడగొట్టాలి. డిజాల్వ్‌లు (ఒక షాటు మెల్లగా మరోదానిలో కలిసిపోయేవి) దానికి తరచూ చిక్కవు, వాటిని చూసుకుని చేత్తో కోయాలి.

కెమెరా కదలని షాటుకు వీడియో మోడల్ అక్కర్లేదు. ఒక్క ఫ్రేమును పెంచి, ఆ పక్కల్నే షాటంతా ఉంచితే మినుకుమినుకు ఉండదు. అయితే పాత ఫిల్ము గేటులో (ఫిల్ము నిలిచే చట్రంలో) సన్నగా ఊగుతుంది, అతికించిన పక్కలు ఊగవు. అతుకు అక్కడే బయటపడుతుంది. అందుకే ముందే స్టెబిలైజ్ చేసి (ఆ ఊగు ఆపి), గ్రెయిన్ (ఫిల్ము మీది సన్నటి రేణువులు) తగ్గించి పెంచాలి. చివర్లో ఫ్రేము మొత్తానికి ఒకే గ్రెయిన్ వేయాలి.

పాన్ షాట్లలో, అంటే కెమెరా పక్కకు తిరిగేవాటిలో, అసలు బొమ్మే దొరుకుతుంది. కెమెరా కుడికి తిరుగుతుంటే, కుడి పక్కకు కావలసింది తర్వాతి ఫ్రేముల్లోనే ఉంటుంది. వాటిని కలిపి కుట్టి, మిగిలిన ఖాళీనే ఏఐకి వదలాలి. నా దృష్టిలో అన్నిటికంటే నమ్మకంగా వచ్చేవి ఇవే.

వీడియో మోడల్ తప్పనప్పుడు 832×480 ఫ్రేములో 640×480 బొమ్మను మధ్యలో పెడితే పక్కలకు 96 చొప్పున మిగులుతుంది. విడతకు 81 ఫ్రేములే చేసే మోడల్ అయితే 24 ఫ్రేముల సినిమాలో అది మూడున్నర సెకన్లు కూడా కాదు. పొడుగు షాట్లలో విడతకీ విడతకీ 16 ఫ్రేములు కలిసేలా ఇవ్వాలి, లేకపోతే గోడ రంగు మారిపోతుంది. మోడల్ తిప్పి ఇచ్చిన మధ్య భాగాన్ని మాత్రం వాడొద్దు, ముఖాలు మారతాయి. అసలు బొమ్మనే పైన పెట్టి, అతుకు దగ్గర 20 పిక్సెళ్లు మెత్తబరిస్తే చాలు.

అంచు దాటి వెళ్లే మనిషి దగ్గర పని చెడుతుంది. అతను మరో 240 పిక్సెళ్లు నడవాలి, మోడల్ మధ్యలోనే కరిగించేస్తుంది. అద్దాలు, జనసమూహాలు, బోర్డుల మీది అక్షరాలూ అంతే. క్లోజప్‌లను సాంకేతికంగా పెంచవచ్చు గానీ ముఖం పక్కన చోటు పెరిగి ఆ దగ్గరితనం పోతుంది. ఇలాంటి షాట్లన్నిటినీ నల్ల అంచులతో 4:3లోనే ఉంచాలి.