కలెక్టరేటు గేటు ముందు అర్జీలు రాసేవారు: పదమూడేళ్ళుగా రాయించుకుంటున్న వాడి సమీక్ష

మా జిల్లా కలెక్టరేటు గేటు పక్కన బల్ల, రెండు కుర్చీలు వేసుకొని జనం కోసం అర్జీలు రాసే వారి దగ్గరికి నేను 2012 నుంచి వెళ్తున్నాను. మొదట మా నాన్నగారు పోయాక భూమి విరాసత్ కోసం, అంటే వారసుల పేరుకు మార్పించుకోవడానికి, వెళ్ళాను, తర్వాత మా వాడకట్టులోని వారికి తోడుగా వెళ్తూ ఇప్పటికి ముప్పైకి పైగా అర్జీలు రాయించాను. నేను బడిలో తెలుగు బోధిస్తాను కనుక, ఇంకొకరి చేత రాయించవలసిన అవసరం ఏమిటని చాలామంది అడుగుతారు. నిజానికి మొదటి అర్జీ నేనే రాశాను. రెండు పేజీల ఆ అర్జీలో మా నాన్న బావి తవ్వించిన సంగతి ఉంది, పాలివాళ్ళ తగవు ఉంది, సర్వే నంబరు మాత్రం రెండో పేజీ చివర ఉంది, ఖాతా నంబరు అసలే లేదు. నెలన్నర తర్వాత వివరాలు చాలవని తిరిగి వచ్చింది.

అప్పుడు వేపచెట్టు కింద కూర్చునే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కలం తీయలేదు. ముందు సంచిలోని కాగితాలన్నీ బల్ల మీద పరిచి, పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు) నకలు, మరణ ధ్రువపత్రం, రేషన్ కార్డు విడిగా పెట్టి, "సారూ, మీకేం కావాలె? అది చేసేటి అధికారం ఎవరికున్నది?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు నేను చెప్పిన సమాధానం చాలా పొడుగైంది, రెండో దానికి నా దగ్గర సమాధానమే లేదు. విరాసత్ అప్పట్లో 1971 నాటి హక్కుల రికార్డు చట్టం కింద తహసీల్దారు చేయవలసిన పని అనీ, కలెక్టరుకు ఇచ్చినా అర్జీ చివరకు ఆ బల్ల మీదికే చేరుతుంది కనుక అక్కడి గుమాస్తాకు మొదటి మూడు పంక్తుల్లోనే మౌజా (రెవెన్యూ గ్రామం), సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు కనపడాలనీ ఆయనే వివరించారు. నా రెండు పేజీలు పదకొండు పంక్తులయ్యాయి. బావి కథ పోయింది. అప్పుడు మనసు కొంత నొచ్చుకున్న మాట వాస్తవమే అయినా, ఏది రాయకూడదో తెలియడమే ఈ పనిలో అసలైన విద్య అని ఆయన రాస్తుంటే చూశాక నాకు అర్థమైంది.

ఆయనలో నేను ఎక్కువగా గౌరవించేది వినే పద్ధతిని. 2019 తర్వాత వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆసరా పింఛను 2,016 రూపాయలు అయిన రోజుల్లో, రెండు నెలలుగా డబ్బులు రాని ఒక ముసలమ్మను తీసుకెళ్ళాను. ఆమె కోడలి గురించి చెప్పింది, కాలు విరిగిన మేక గురించి చెప్పింది, ఏడ్చింది. ఆయన ఒక్కసారి కూడా అడ్డు తగలలేదు. అంతా అయ్యాక, "అవ్వా, ఆఖరు పైసలు ఏ నెలల తీసుకున్నవు? యేలిముద్ర పడలేదన్నరా, పేరే లేదన్నరా?" అని అడిగారు. ఆ రెండు కారణాలకూ దారులు వేరు. ముద్ర పడకపోతే ఒక తీరుగా రాయాలి, జాబితాలో పేరు తొలగించి ఉంటే మరొక తీరుగా రాయాలి. రాసిన తర్వాత ప్రతి పంక్తినీ ఆమెకు అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించి, ఆమె తల ఊపాకే ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయించారు. చదువు రాని మనిషి పేరు మీద పోయే కాగితంలో ఆ మనిషికి తెలియని మాట ఒక్కటీ ఉండకూడదన్నది ఆయన నియమం, దాన్ని ఆయన తప్పగా నేను చూడలేదు.

2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 కావడం, ఆ తర్వాత కొత్త కార్యాలయ సముదాయం ఊరి బయట కట్టడం వీరి బతుకును బాగా మార్చాయి. చెట్టు నీడ పోయింది, గొడుగులు వచ్చాయి. 2020 అక్టోబరు 29న ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ మొదలయ్యాక భూమి పనులు చాలావరకు మీసేవకూ కంప్యూటరుకూ మళ్ళడంతో కొందరు ఈ పని మానుకున్నారు. మిగిలిన వారిలో లాప్‌టాప్ తెచ్చుకున్న ఒక యువతి ఉంది. ఆమె టైపు చేసి పక్క దుకాణంలో ప్రింటు తీయిస్తుంది, నకలు ఫోనుకు పంపుతుంది. ఇది నిజంగా మేలైన మార్పు, ఎందుకంటే తిరిగి అర్జీ పెట్టవలసి వస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవలసిన బాధ తప్పుతుంది.

అందరూ ఒకేలా లేరు. వారిలో ఒకరు మా పొరుగువారి పాసుపుస్తకం సవరణ కోసం రాసిన అర్జీలో 214/ఆ అని ఉండవలసిన చోట 214/అ అని పడింది. మన దగ్గర సర్వే నంబర్ల ఉపవిభాగాలను తెలుగు అక్షరాలతోనే గుర్తిస్తారు కనుక ఆ ఒక్క దీర్ఘం లోపించడంతో అర్జీ వేరొకరి భూమి మీదికి పోయింది, నాలుగు నెలలు వృథా అయ్యాయి. అక్షరాలు నేర్పే నేను పక్కనే ఉండి కూడా సరిచూడలేదు, ఆ పొరపాటులో నాకూ భాగం ఉంది. అప్పటి నుంచి నంబర్లను పాసుపుస్తకంతో పోల్చి పైకి చదవనిదే సంతకం పెట్టనివ్వను. ఇంకొందరు ఎవరు వచ్చినా పేరు, ఊరు మార్చి అదే నమూనా దింపుతారు. లోపల పని కూడా చేయించిపెడతామని వేల రూపాయలు అడిగే వారూ కనపడతారు, వారి దగ్గర మాత్రం కూర్చోవద్దు. రాసేవారి బాధ్యత కాగితం వరకే, మంచివారు ఆ మాట ముందే చెప్తారు.

అర్జీకి స్పందన రానప్పుడు ఏం చేయాలో నేర్పింది కూడా పెద్దాయనే. 2005 సమాచార హక్కు చట్టం కింద, ఫలానా తేదీన ఇచ్చిన ఫలానా నంబరు అర్జీపై తీసుకున్న చర్య ఏమిటని 10 రూపాయల రుసుముతో అడిగితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. మండల స్థాయి కార్యాలయానికైతే 5 రూపాయలు, గ్రామ స్థాయిలో రుసుము లేదు. రాయలేనివారు నోటితో చెప్పిన విన్నపాన్ని కాగితం మీద పెట్టడానికి అధికారే తోడ్పడాలని అదే చట్టం 6వ సెక్షను చెబుతుంది. ఆచరణలో నేను చూసినంత వరకు ఆ పని గేటు బయట ఎండలో కూర్చున్న వీరే చేస్తున్నారు, అందుకు వారికి లోపల ఒక వరండా అయినా ఇవ్వాలని నేను రెండుసార్లు అర్జీ పెట్టాను. ఆ రెండూ వారి చేతనే రాయించాను, వాటికి డబ్బులు పుచ్చుకోలేదు.

మామూలుగా అయితే చేతిరాత అర్జీకి 2012లో 20 రూపాయలు ఇచ్చాను, ఇప్పుడు 60 ఇస్తున్నాను, టైపు చేస్తే 100. కలెక్టరేటులో అర్జీలు తీసుకునే ప్రజావాణి జరిగే సోమవారం తొమ్మిదింటికల్లా చేరుకుంటే వారు తీరిగ్గా వింటారు, పదకొండు దాటితే వరుస పెరిగి ఎంత మంచివారైనా తొందరపడతారు. అసలు కాగితాలతో పాటు రెండేసి జిరాక్సులు తీసుకెళ్ళండి, లోపల రశీదు నంబరు ఇచ్చాక బయటికి వచ్చి దాన్ని రాసినవారికి చూపించండి. పెద్దాయన ఆ నంబరును తన పుస్తకంలో ఎక్కించుకొని, మరుసటి నెల మనం కనపడితే తానే అడుగుతారు.