క్యాండిడా పట్టిన సెంట్రల్ లైన్: తీసేయడం మేలా, ఉంచి మందివ్వడం మేలా?

బ్లడ్ కల్చర్‌లో ఈస్ట్ (క్యాండిడా లాంటి ఫంగస్) పెరుగుతోందని ల్యాబ్ నుంచి ఫోన్ రాగానే జూనియర్లు ముందుగా అడిగేది సెంట్రల్ లైన్ గురించే, అంటే పెద్ద సిరలోకి వేసి ఉంచిన ప్లాస్టిక్ గొట్టం గురించి. "తీసేద్దామా సార్, ఉంచి మందు మొదలుపెడదామా?" మెసేజ్‌ల్లోనూ ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి నా అభిప్రాయం ఒకచోట రాసి పెడుతున్నాను. రక్తంలో కనిపించిన క్యాండిడాను కంటామినేషన్ (బయటి నుంచి శాంపిల్‌లో కలిసిన మలినం) అని కొట్టిపారేయకూడదని మీకు తెలిసిందే.

ఉంచుదామనేవాళ్ల మాటలో బలం లేకపోలేదు. ప్లేట్‌లెట్లు పడిపోయి, ముందే రెండు మూడు చోట్ల గుచ్చిన పేషెంట్‌కి మళ్లీ కొత్త లైన్ వేయడం చిన్న పని కాదు. లైన్‌లో ఎక్కుతున్న నోర్‌ఎడ్రినలిన్ (బీపీ నిలిపే మందు) కాసేపు ఆగితే బీపీ నిలవని స్థితి కూడా ఉంటుంది. పైగా 2010లో నూచి అనే పరిశోధకుడి బృందం రక్తంలో క్యాండిడా ఉన్న 842 మంది వివరాలను మళ్లీ విశ్లేషించి, 24 లేదా 48 గంటల్లోపు లైన్ తీసేసినందువల్ల ప్రత్యేకంగా ప్రయోజనం తేలలేదని రాసింది. అయితే రెండేళ్ల తర్వాత ఆండీస్ అనే మరో పరిశోధకుడి బృందం ఏడు ట్రయల్స్‌లోని 1,915 మందిని కలిపి చూస్తే, లైన్ తీసినవాళ్లలో మరణాలు తక్కువగా కనిపించాయి. ఈ రెండింటిలోనూ ఎవరికి లైన్ తీయాలో లాటరీ వేసి నిర్ణయించలేదు. మరీ విషమంగా ఉన్నవాళ్ల లైన్ ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు, ఎక్కువగా చనిపోయేదీ వాళ్లే. అందుకే ఈ అంకెలతోనే తగువు తీరుతుందని నేననుకోను.

నాకు తేల్చి చెప్పేది బయోఫిల్మ్, అంటే లైన్ గోడకి ఫంగస్ కట్టుకునే పొర. క్యాండిడా ముందు ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది, తర్వాత పోగులు సాగదీస్తుంది, తన చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. ల్యాబ్‌లో ఒకటి రెండు రోజుల్లోనే ఈ పొర ముదురుతుంది. అందులోని బీటా గ్లూకాన్ అనే పదార్థం ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందుని లోపలికి పోనివ్వకుండా పట్టేసుకుంటుంది. రక్తంలో తేలే కణాలను ఆపగలిగిన మోతాదు ఈ పొరలో ఉన్నవాటిని ఏమీ చేయలేదు. తొట్టి గోడకి పట్టిన పాచి నీళ్లు మార్చినంత మాత్రాన పోదు కదా. క్యాస్పోఫంజిన్ లాంటి ఎకైనోక్యాండిన్లు, లైపోజోమల్ యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందులు ఈ పొర మీద మెరుగ్గా పనిచేస్తాయి, నిజమే. అయినా ఆ బలాన్ని నమ్ముకుని లైన్‌ని లోపలే వదిలేయమని నేను చెప్పలేను.

"ఫంగస్ లైన్ నుంచే వచ్చిందని రుజువేమిటి, పేగుల్లోంచి వచ్చి ఉండొచ్చుగా?" అని ఆగిపోయేవాళ్లున్నారు. పేగుల్లోంచే వచ్చిందనుకుందాం. రక్తంలో తిరుగుతున్న ఈస్ట్‌కి అంటుకోవడానికి ఆ ప్లాస్టిక్ అక్కడే ఉంది కదా! మూలం ఎక్కడిదైనా లైన్ దానికి స్థావరమవుతుంది. లైన్‌లోంచి తీసిన రక్తం చేతి నుంచి తీసిన రక్తం కన్నా రెండు గంటల ముందు పాజిటివ్ అయితే లైన్‌దే తప్పు అనే లెక్క బ్యాక్టీరియాకి బాగానే పనికొస్తుంది. గ్లాబ్రాటా లాంటి నెమ్మదిగా పెరిగే క్యాండిడా రకాల్లో దాని మీద అంత భరోసా లేదు. పారాప్సిలోసిస్ అనే రకం పెరిగితే మాత్రం నేను ముందుగా అనుమానించేది లైన్‌నీ, టీపీఎన్‌నీ (సిరలోకి ఎక్కించే పోషకాహారం), దాన్ని ముట్టుకున్న మన చేతులనీ.

ఇక టిప్ కల్చర్, అంటే లైన్ కొసను ల్యాబ్‌లో పెంచి చూడడం సంగతి. లైన్ తీసినప్పుడు చివరి 5 సెం.మీ. కత్తిరించి, బ్లడ్ అగార్ ప్లేట్ మీద ముందుకీ వెనక్కీ దొర్లిస్తారు. దొర్లిన దారి పొడవునా మీగడ రంగు చుక్కలు లేస్తాయి. చుక్కలు 15 లేదా అంతకు మించితే లెక్కలోకి తీసుకోవాలి. అయితే దొర్లిస్తే పట్టుబడేది పైపొరే, చాలా రోజులుగా ఉన్న లైన్‌లో లోపలి గోడ మీద ఉన్నది తప్పించుకోవచ్చు. టిప్‌లో పెరిగి రక్తంలో పెరగకపోతే ఉత్త కాలనైజేషనే (జబ్బు చేయకుండా అక్కడ ఉండడమే) కావచ్చు, దాని కోసం ఆలోచించకుండా మందు మొదలుపెట్టకండి. అలాగని వదిలేయకండి కూడా. లోతైన క్యాండిడా జబ్బుల్లో సుమారు సగాన్ని బ్లడ్ కల్చర్ పట్టుకోలేదు. జ్వరం ఉంటే కల్చర్లు మళ్లీ పంపండి.

గైడ్‌వైర్ (పాత లైన్‌లోంచి దూర్చే సన్నని తీగ) మీద లైన్ మార్చడమంటే ఫంగస్ ఉన్న దారిలోనే కొత్త లైన్ పెట్టడం. సిరలన్నీ అయిపోయిన డయాలిసిస్ పేషెంట్‌కి తప్ప దాని జోలికి పోను. యాంఫోటెరిసిన్, ఇథనాల్ లాక్‌లకి (లైన్ లోపల మందు నింపి కాసేపు ఉంచడానికి) క్యాండిడా విషయంలో ఆధారం పలచన.

ఆగి ఆలోచించాల్సింది న్యూట్రోపీనియాలో (న్యూట్రోఫిల్ తెల్ల కణాలు పడిపోయిన స్థితిలో). కీమో వల్ల పేగు పొర దెబ్బతిన్నవాళ్లలో ఫంగస్ మూలం చాలాసార్లు ఆ పేగే. 2016 ఐడీఎస్ఏ (అమెరికా అంటువ్యాధి నిపుణుల సంఘం) మార్గదర్శకాలు కూడా అక్కడ పేషెంట్‌ని బట్టి నిర్ణయించమంటాయి, మిగతావాళ్లలో లైన్‌దే తప్పనిపిస్తే, క్షేమంగా తీయగలిగితే వీలైనంత త్వరగా తీసేయమంటాయి. పోర్ట్ (చర్మం కింద అమర్చిన సెంట్రల్ లైన్) ఉంచక తప్పకపోతే నేను ఎకైనోక్యాండిన్ మొదలుపెట్టి రోజూ కల్చర్ పంపిస్తాను. మూడో రోజు కూడా పెరుగుతుంటే ఇక బేరాల్లేవు, తీసేయడమే.

తీశాక వీలైతే ఒకటి రెండు రోజులు చేతి క్యాన్యులాలతో నెట్టుకురండి. తీసిన గంటకే ఇంకో సెంట్రల్ లైన్ వేస్తే తీసిన ప్రయోజనంలో కొంత పోయినట్టే. వేరే చోటికి పాకని కేసుల్లో మందు 14 రోజుల లెక్క మొదటి నెగటివ్ కల్చర్ నుంచి వేయాలి, లైన్ తీసిన రోజు నుంచి కాదు. మొదటి వారంలో కంటి డాక్టర్ చేత రెటీనా చూపించండి. న్యూట్రోపీనియా ఉంటే కౌంట్లు కోలుకున్నాక చూపించండి, అంతకుముందు కంట్లోకి పాకిన ఫంగస్ మచ్చలు బయటపడకపోవచ్చు.